కవరు వెనక గీత

శాసనభవనం, రాజధాని
మార్చి 15, 1982

ప్రియమైన వదినకు,

దీనితోపాటు ఒక ఖాళీ కవరు పంపుతున్నాను. ఖాళీదే కదా అని కిరాణా జాబితా రాసుకోవడానికి వాడేయకు. పోస్టల్ బ్యాలెట్ కోసం నేను తయారు చేయించిన కొత్త కవరు అది. ఈ నవంబరులో మన రాష్ట్రంలోని అరవై ఒక్క కౌంటీల్లోనూ ఇదే వాడతారు.

పాత కవరు మీద ఓటరు సంతకం ముందువైపు, చిరునామా పక్కనే ఉండేది. క్రితంసారి ఆ సంతకాన్నే చిరునామాగా పొరబడటం వల్ల కొన్ని కవర్లు తిరిగి ఓటర్ల ఇళ్ళకే చేరాయి. అదీగాక పదిమంది చేతులు మారే కవరు ముఖం మీద మనిషి సంతకం ఎందుకుండాలి? అందుకని సంతకం గీతను వెనక్కి మార్చాను. ఓటరు కవరు అంటించాలి, వెనక్కి తిప్పాలి, గీత మీద సంతకం చేయాలి. ఇంతకన్నా సులువైన పని రాష్ట్రంలో మరొకటి లేదని నా నమ్మకం.

రాష్ట్ర కార్యదర్శి పదవికి నేను మూడోసారి పోటీ చేస్తున్నానని నీకు తెలుసు. ఎన్నికలు జరిపించే మనిషే ఎన్నికల్లో నిలబడటం ఏమిటని, శాసనభవనం చూడటానికి వచ్చే బడిపిల్లలు ఏటా అడుగుతారు. పెళ్ళివంట చేసేవాళ్ళు కూడా భోజనం చేయాలి కదా అంటాను. వాళ్ళు నవ్వుతారు. వెంట వచ్చిన టీచరు మాత్రం అనుమానంగా చూస్తుంది.

పంతొమ్మిదేళ్ళప్పుడు, మన కౌంటీ ఎన్నికల పని చూసే నీ బల్ల పక్కన కూర్చుని కవర్లు అంటించడంతో మొదలైంది నా ఉద్యోగం. ఆ జిగురు రుచి ఇంకా నాలుక మీద ఉంది. కాబట్టి కవర్ల విషయంలో నీ మాట వినడం నా ధర్మం. నీ అభిప్రాయం రాయి. మెచ్చుకోలు అయితే ఒక్క పేజీ చాలు.

*

కౌంటీ క్లర్క్ కార్యాలయం, నార్‌బీ
మార్చి 25, 1982

ప్రియమైన ఆర్డిస్‌కు,

ముందుగా ఒక ఫిర్యాదు. నీ ఉత్తరం కింద సంతకం లేదు. ఎప్పుడూ ఉండదు. మీ అన్నయ్య ఓర్విల్‌తో నా పెళ్ళయిన నాటి నుంచి చూస్తున్నాను. అడిగితే "నా చేతిరాత చూస్తే తెలియదా వదినా" అంటావు. తెలుస్తుంది. ఆకుపచ్చ సిరా, నడుముకు అడ్డగీత ఉన్న ఏడు అంకె, వాన వెలిసినట్టు చివర తేలిపోయే అక్షరాలు. అయినా ఉత్తరం అన్నాక సంతకం ఉండాలి.

ఇక నీ కవరు. దాని మీద అభిప్రాయం చెప్పడానికి నేనొక్కదాన్నే సరిపోనని, బుధవారం చర్చి నేలమాళిగలో కాఫీకి చేరిన పదకొండుమంది ఆడవాళ్ళకు తలా ఒక కవరు ఇచ్చాను. ఆ నమూనా చూసి మా ముద్రాపకుడే అచ్చు వేసి ఇచ్చాడు. సూచనల కాగితం కూడా ఇచ్చి, ఒక్క మాటైనా చెప్పకుండా పక్కన కూర్చున్నాను. పదకొండుమందిలో నలుగురు సంతకం మరిచారు.

"ఇదుగో లావోన్, కవరు అంటించాక పని అయిపోయినట్టే. అంటించినదాన్ని మళ్ళీ తిప్పి చూసేది ఎవరే?" అంది గ్లాడిస్.

"నేను తిప్పాను" అంది బెర్నీస్.

"నువ్వా? మీ ఆయన జేబులే రోజుకి రెండుసార్లు తిప్పుతావు. నిన్ను లెక్కలోకి తీసుకోకూడదు."

గ్లాడిస్ చెప్పినదాంట్లో విషయం ఉంది. అంటించడంతో మనిషి మనసులో ఆ పని ముగుస్తుంది. ముగిసిన పని వెనక ఇంకో పని పెట్టకు. గీతను ముందువైపే ఉంచు. చిరునామాకు దూరంగా జరిపి, ఎర్రగా, బొటనవేలంత లావున గీయించు. నేను ఇరవై రెండేళ్ళుగా కవర్లు అందుకుంటున్నాను. జనం చదువుతారని కాకుండా, చదవరని అనుకుని కాగితాలు తయారు చేయాలి.

నీ వదిన
లావోన్ టోలెఫ్‌సన్
(చూశావా? సంతకం అంటే ఇలా ఉంటుంది.)

*

శాసనభవనం, రాజధాని
జూన్ 10, 1982

ప్రియమైన వదినకు,

జవాబు ఆలస్యమైంది. పిరికితనం వల్ల అని ఒప్పుకుంటున్నాను. నీ ఉత్తరం వచ్చేనాటికే కవర్లు అచ్చుకు వెళ్ళాయి. లక్షా ఎనభై వేలు. అయినా నీ మాట తీసిపారేయలేదు. మా కార్యాలయంలో పదిహేనుమందితో నేనూ పరీక్ష పెట్టాను. ఒక్కరు కూడా సంతకం మరవలేదు. నీ చర్చి ఆడవాళ్ళు కాఫీ మీద ధ్యాసతో ఉన్నారేమో.

ఇక్కడ వేసవి సంబరంగా ఉంది. వారానికి మూడు ఊరేగింపులు. తెరిచిన కారులో నిలబడి పిల్లలకు మిఠాయిలు విసరడం ఎన్నికల ప్రచారంలో భాగమని చట్టంలో ఎక్కడా లేదు, కానీ ఏ ఊరూ దాన్ని తప్పించుకోనివ్వదు. మొన్న ఒక ఊళ్ళో ముందు వరసలో నిలబడ్డ పెద్దాయన "నువ్వు ఏం పదవికి పోటీ చేస్తున్నావమ్మా?" అని అరిచాడు. "రాష్ట్ర కార్యదర్శికి" అన్నాను. "అయితే టైపు బాగా వచ్చా?" అన్నాడు. నిమిషానికి డెబ్బై పదాలన్నాను. "నా ఓటు నీకే" అన్నాడు. ఎనిమిదేళ్ళలో నా అర్హతలను అంత సూటిగా పరీక్షించినవాళ్ళు లేరు.

నీ సంగతి రాయి. ఈసారైనా నీకు పోటీ ఉందా? ఆరు ఎన్నికలుగా నీ కౌంటీ క్లర్క్ పదవికి నీ ఒక్క పేరే ఉంటోంది. "ఒకే పేరున్న బ్యాలెట్ ఎన్నిక కాదు, హాజరు పట్టీ" అని నువ్వు నార్‌బీ పత్రికకు చెప్పిన మాటను కత్తిరించి, మా గోడకు అంటించుకున్నాం.

*

కౌంటీ క్లర్క్ కార్యాలయం, నార్‌బీ
జూలై 17, 1982

ప్రియమైన ఆర్డిస్‌కు,

(మళ్ళీ సంతకం లేదు. నీ కార్యాలయంలో పదిహేనుమంది ఎందుకు మరవలేదంటావా? ఆ గీత ఎక్కడుందో ఆరు నెలలుగా వాళ్ళకు నువ్వు చెబుతూనే ఉన్నావు కాబట్టి.)

నాకు పోటీ వచ్చింది. నిన్న నామినేషన్లకు ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు నలభైకి వెండెల్ క్రౌస్ తలుపు తోసుకుని వచ్చాడు. నీకు బడిలో క్లారినెట్ నేర్పిన వెండెల్ మాస్టారే. రిటైరై రెండేళ్ళయింది. చేతిలో టోపీ నలుపుతూ కౌంటరు దగ్గర నిలబడ్డాడు.

"లావోన్, కౌంటీ క్లర్క్ పదవికి దరఖాస్తు ఫారం ఎవరి దగ్గర తీసుకోవాలి?"

"నా దగ్గరే."

"అలాగా. కొంచెం ఇబ్బందిగా ఉందే."

"నాకేం లేదు. ఇదుగో. నల్ల సిరాతో నింపండి మాస్టారూ."

పుట్టిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ వేశాడు. నేనే చూపించి దిద్దించాను. ఎందుకు పోటీ చేస్తున్నారని అడిగితే ఎర్రబడిపోయాడు. "నువ్వే కదా పేపర్లో అన్నావు, ఒక్క పేరుంటే ఎన్నిక కాదని. రిటైరయ్యాక ఈ ఊరికి ఏదైనా పనికొచ్చే పని చేయాలనుకున్నాను. రెండో పేరు లేదని తెలిసింది. సరే, నా పేరుంది కదా అని వచ్చాను."

నాకు నవ్వొచ్చింది, ఆర్డిస్. ఆ తర్వాత ఆ ఫారం మీద నా ముద్ర వేస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ సంగతీ చెబుతాను. ఈ పని నాకు చాలా ఇష్టం. ఓటు వేయడానికి మొదటిసారి వచ్చిన పిల్లల మొహం చూడటం, చనిపోయినవాళ్ళ పేర్లను జాబితాలోంచి ఎర్రగీతతో కాక పెన్సిలుతో మెల్లగా తీసేయడం, ఇవి నాకు తెలిసిన పనులు. ఇవి పోతే నేనేమిటో నాకు తెలియదు. మీ అన్నయ్యకు ఈ మాట చెప్పలేదు. నీకే రాస్తున్నాను.

ఐతే అన్నదాన్ని నేనే. రెండో పేరు కావాలన్నాను, వచ్చింది.

నీ వదిన
లావోన్ టోలెఫ్‌సన్

*

శాసనభవనం, రాజధాని
అక్టోబరు 30, 1982, శనివారం

ప్రియమైన వదినకు,

నాలుగే నాలుగు వాక్యాలు. కింద కారు ఆగి ఉంది, సాయంత్రంలోపు మూడు ఊళ్ళు తిరగాలి, గొంతు పోయింది, మనసు మాత్రం హాయిగా ఉంది. నా బ్యాలెట్ ఇప్పుడే నింపాను. నా ఓటు ఇప్పటికీ మన నార్‌బీ పొలం చిరునామా మీదే ఉంది కదా, ఈ ఉత్తరమూ అదీ ఒకే టపాలో వేస్తున్నాను, మంగళవారం ఉదయానికి నీ బల్ల మీద ఉంటాయి. వెండెల్ మాస్టారికి నమస్కారం చెప్పు, నీకు మాత్రం శుభాకాంక్షలు చెప్పను, ఎన్నికలు జరిపించేదాన్ని ఒకవైపు మొగ్గకూడదు.

*

కౌంటీ క్లర్క్ కార్యాలయం, నార్‌బీ
నవంబరు 5, 1982

ప్రియమైన ఆర్డిస్‌కు,

నీ గెలుపు రేడియోలో విన్నాం. మీ అన్నయ్య ట్రాక్టరు హారను ఎంతసేపు మోగించాడంటే పక్క పొలం వాళ్ళు మంటలు లేచాయేమోనని బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. మూడో విజయానికి మా ఇద్దరి దీవెనలు.

ఇక్కడి ఫలితం ఇంకా తేలలేదు. నాకు 1,214 ఓట్లు. వెండెల్‌కు 1,214. నిన్న రెండోసారి లెక్కించారు. నా పోటీ ఉన్న బల్ల దగ్గర నేను కూర్చోలేదు. జడ్జి హాగెన్, లెక్కింపు సంఘంలోని మరో ఇద్దరు సభ్యులు లెక్క చూశారు. మళ్ళీ అంతే వచ్చింది. చట్టం ప్రకారం ఇక చీటీ తీయాలి.

ఈలోగా నీకు అధికారికంగా ఒక ప్రశ్న.

కొత్త కవర్లలో సంతకం లేనివి ముందుగా పన్నెండు వచ్చాయి. పన్నెండుమందికీ ఫోన్ చేశాను, అందరూ వచ్చి సంతకం పెట్టారు. పోలింగ్ రోజు ఉదయం టపాలో ఇంకో తొమ్మిది వచ్చాయి. ఆ తొమ్మిదిమందికీ ఫోన్ చేశాను. ఐదుగురు దొరికి పరుగెత్తుకొచ్చారు, ఒకాయనైతే పాలు పితికే బూట్లతోనే. నలుగురు ఫోన్‌లో దొరకలేదు. వాళ్ళ కవర్లు విప్పకుండా, నిబంధన ప్రకారం, తిరస్కరించిన పెట్టెలో పెట్టి సీలు వేశాను.

ఆ నాలుగింటిలో ఒక కవరు మీద పేరూ చిరునామా చేత్తో రాసి ఉన్నాయి. ఆ చేతిరాత నాకు ఇరవై ఏళ్ళకు పైగా తెలుసు. ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెప్పగలను. సంతకం లేకపోయినా ఓటరు ఎవరో క్లర్కుకు నిస్సందేహంగా తెలిసినప్పుడు ఆ కవరును అంగీకరించవచ్చా? లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాను. ఆ ఓటు ఎవరికి పడిందో నాకు తెలియదు. కానీ రెండు పేర్ల మధ్య తేడా లేనప్పుడు ఏ ఒక్క ఓటైనా ఏం చేయగలదో మనిద్దరికీ తెలుసు. అందుకే నా అంతట నేను నిర్ణయించను.

లావోన్ టోలెఫ్‌సన్

*

శాసనభవనం, రాజధాని
నవంబరు 9, 1982

ప్రియమైన వదినకు,

అధికారిక జవాబు వేరే కాగితం మీద జతపరిచాను. ఈ ప్రశ్నకు నేనొక్కదాన్నే జవాబు రాయకూడదనిపించి, కౌంటీ పేరు గాని, ఓటరు వివరం గాని లేకుండా అటార్నీ జనరల్ కార్యాలయానికి పంపాను. ఎందుకని అడగకు. వాళ్ళ అభిప్రాయమే జవాబుగా పంపుతున్నాను: అంగీకరించకూడదు. ఓటరు గురించి క్లర్కుకు ఉన్న ఎరుక ఓటరు సంతకానికి బదులు కాదు.

కారణం నీకు వివరించడం అంటే నాకు నడక నేర్పినదానికి నేను నడిచి చూపించడమే. అయినా రాస్తాను. నీ ఎరుక నిజమైనది. నీ ప్రమాణాన్ని నేను సందేహించను. కానీ ఇవాళ నీకు ఒక చేతిరాత తెలుసు. రేపు ఇంకో కౌంటీలో ఇంకో క్లర్కుకు తన చుట్టాల చేతిరాతలు మాత్రమే తెలుస్తాయి. తెలియని ఓటరు కవరు పెట్టెలోనే ఉండిపోతుంది, తెలిసినవాడిది బయటికి వస్తుంది. ఆ గీత అందరికీ ఒకటే అయి ఉండాలి.

ఆ ఓటరు ఎవరో నాకు రాయకు.

చీటీ ఏ రోజు తీస్తారో తెలియజేయి. రావాలని ప్రాణం లాగుతోంది, కానీ నేను ఆ గదిలో ఉండకూడదు. అన్నయ్యను మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టు. ట్రాక్టరు బయటే ఉంచమను.

*

నార్‌బీ, ఇంటి నుంచి
నవంబరు 20, 1982

ప్రియమైన ఆర్డిస్‌కు,

నిన్న తీశారు. కోర్టుభవనం కింది హాలులో రెండు వందలమంది. ఎవరూ ఎవరితోనూ అనుకోకుండానే ఇళ్ళలో కాల్చిన ఆపిల్ పైలు ఇరవై మూడు, మూడు పెనాల మాంసపు ఉండలు, కాఫీ కాచే పాత్రలు నాలుగు వచ్చి చేరాయి. వెండెల్ పాత విద్యార్థులు వాయిద్యాలతో మెట్ల మీద బారులు తీరారు.

పత్రిక ఫొటోగ్రాఫరు ఇచ్చిన రెండు ఫిల్ము డబ్బాల్లో మా ఇద్దరి పేర్లూ విడివిడిగా పెట్టి మూతలు బిగించారు. దేనిలోంచి తీయాలన్నది ప్రశ్న. జడ్జి హాగెన్ టోపీ మరీ లోతు తక్కువ, చెవులు కప్పే రెక్కలు అడ్డం. షెరీఫ్ టోపీకి చిల్లు. అప్పుడు వెండెల్ తన పెద్ద ఇత్తడి బాకా, ట్యూబాను, ఎత్తి పట్టాడు. "దీని మూతి పెద్దది జడ్జిగారూ. లోపలేముందో ఎవరికీ కనపడదు." అందరికీ బాగా నచ్చింది.

డబ్బాలు వేశారు. జడ్జి కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాడు, ఒకటి తీశాడు, మూత విప్పాడు. నా పేరు.

హాలు కూలిపోతుందేమో అనుకున్నాను. ఓర్విల్ పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని కౌగిలించుకున్నాడు. నాకూ ఒక క్షణం కాళ్ళు నేల మీద లేవు. ఒకే ఒక్క క్షణం. ఆ తర్వాత వెండెల్ ట్యూబాను కిందకు దించుతుంటే లోపల గలగలమంది. చాలా లోపల.

"జడ్జిగారూ, రెండో డబ్బా ఏది?" అన్నాను.

ఆయన చెయ్యి పెట్టి వెతికాడు. "కిందకు జారినట్టుంది. గొట్టం మలుపులో ఇరుక్కుంది. అయితే ఏమిటమ్మా, నీ పేరే వచ్చిందిగా?"

"అది ఎప్పుడు జారింది? మీరు చెయ్యి పెట్టకముందా, పెట్టాకా?"

"నాకేం తెలుసు?"

"మరి చేతికి అందేది ఒక్కటే ఉంటే అది చీటీ తీయడం ఎలా అవుతుంది? హాజరు పట్టీ అవుతుంది."

"లావోన్!" అని అరిచింది గ్లాడిస్ వెనక నుంచి. "నోరు మూసుకో! గెలిచావే!"

హాలంతా నవ్వింది. జడ్జి నా పేరున్న డబ్బా మూత బిగించి, మళ్ళీ తీద్దామన్నాడు. ఇరుక్కున్న డబ్బాను బయటికి రప్పించడానికి వెండెల్ బుగ్గలు పూరించి ఊదాడు. అది తుపాకీ గుండులా వచ్చి ఒక సభ్యుడి కాఫీలో పడింది. కాగితం తడవలేదు, మూత గట్టిది. గ్లాడిస్ సణుగుతూనే మాంసపు ఉండల పెనం ఖాళీ చేసి, కడిగి, తుడిచి ఇచ్చింది. అడుగు సమంగా ఉండే పెనం. రెండు డబ్బాలూ అందులో వేసి గుడ్డ కప్పారు. జడ్జి తీశాడు.

వెండెల్ క్రౌస్.

"అయ్యో!" అన్నాడు వెండెల్. గెలిచినవాడు అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు. "లావోన్, నాకేం తెలుసని? నేను రెండో పేరుగా ఉందామని వచ్చాను గానీ మొదటి పేరుగా కాదు! ప్రమాణం చేయను. మానేస్తాను."

"పన్నెండు వందల పద్నాలుగుమంది కష్టపడి మీ పేరు పక్కన గుర్తు పెట్టారు మాస్టారూ. వాళ్ళు సరదాకి వచ్చారా? సోమవారం ఎనిమిదింటికి రండి. పెన్సిళ్ళు ఎక్కడుంటాయో చూపిస్తాను."

"సోమవారం నాకు దంతవైద్యుడు..."

"తొమ్మిదింటికి రండి."

బ్యాండు అందుకుంది. ఈసారి ట్యూబాతో సహా. ఇరవై రెండేళ్ళలో ఆ హాలులో ఎవరూ డాన్సు చేయగా చూడలేదు. నిన్న జడ్జి బెర్నీస్‌తో చేశాడు.

ఇంటికొచ్చాక కొంచెం ఏడ్చాను. ఎక్కువ కాదు. నా బల్ల మీద ఎవరు కూర్చుంటారో కౌంటీ తేల్చుకుంది, నేను చెప్పిన పద్ధతిలోనే. అది తలుచుకుంటే ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఓర్విల్‌కు ఏం చేయాలో తెలియక రెండు పైలు తెచ్చి ముందు పెట్టాడు.

నీ వదిన
లావోన్ టోలెఫ్‌సన్

*

శాసనభవనం, రాజధాని
నవంబరు 29, 1982

ప్రియమైన వదినకు,

ఇవాళ నాకు కార్డు వచ్చింది. తిరస్కరించిన ఓట్ల గురించి ఓటర్లకు పంపాలని నేనే నిబంధన రాసి, నేనే అచ్చు వేయించిన కార్డు. "మీ ఓటు లెక్కించబడలేదు. కారణం: కవరుపై సంతకం లేదు." దాని కింద అచ్చులో నా సంతకం ఉంది. నేను సంతకం పెట్టలేదని నాకు నేనే సంతకం పెట్టి చెప్పుకున్నాను. ఈ రాష్ట్ర చరిత్రలో ఈ గౌరవం మరెవరికీ దక్కి ఉండదు.

కార్డు రాకముందే నాకు తెలుసు. నీ ప్రశ్న చదువుతూ "ఆ చేతిరాత నాకు తెలుసు" అన్న చోటికి రాగానే పెన్ను కింద పెట్టేశాను. చేతిరాతే సంతకం అనుకునే మనిషి మన కౌంటీలో ఇంకెవరున్నారు? శనివారం కవరు అంటించడం గుర్తుంది. తిప్పడం గుర్తు లేదు. కారు హారను గుర్తుంది. అందుకే నేను జవాబు రాయకూడదనిపించి పై వాళ్ళకు పంపాను. వాళ్ళు "అంగీకరించవచ్చు" అనాలని ఆ మూడు రోజులూ కోరుకున్నాను. అనలేదు. వాళ్ళదే న్యాయం.

వదినా, మార్చిలోనే చెప్పావు. ముగిసిన పని వెనక ఇంకో పని పెట్టకని. పదకొండుమందిలో నలుగురు మరిచారని చెప్పినా, కాఫీ మీద నెట్టేశాను. ఇరవై రెండేళ్ళ నీ బల్ల నా గీత మూలంగా పోయింది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

రాష్ట్రం మొత్తం మీద సంతకం లేక తిరస్కరించినవి ఎన్నో లెక్క తీయించాను. మూడు వేల నూట ఎనిమిది. నార్‌బీలో నాలుగు మిగిలాయంటే, మిగతా పదిహేడుమందికి ఫోన్ చేసిన మనిషి అక్కడ ఉండబట్టే. మిగతా అరవై కౌంటీల్లో చాలాచోట్ల అలాంటి మనిషి లేదు. ఉండాలి. కౌంటీ క్లర్కులకు పని నేర్పడానికి ఊరూరూ తిరిగే శిక్షకురాలి పదవి ఒకటి మూడేళ్ళుగా మా దగ్గర ఖాళీగా ఉంది, తగిన మనిషి దొరకక. చుట్టరికం కారణంగా నియామకంలో నేను కలగజేసుకోను, ఎంపిక సంఘమే చూస్తుంది. కానీ దరఖాస్తు ఫారం పంపకుండా ఉండలేకపోతున్నాను. మొదటి పని: ఆ కవరును మళ్ళీ గీయడం.

*

నార్‌బీ, ఇంటి నుంచి
డిసెంబరు 6, 1982

ప్రియమైన ఆర్డిస్‌కు,

ఇంత ఉత్తరం రాశావు. ఇంత పశ్చాత్తాపపడ్డావు. కింద సంతకం లేదు! ఓర్విల్‌కు చదివి వినిపిస్తే కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని నవ్వాడు. "దాన్ని మార్చలేవు లావోన్, నామకరణం రోజున కూడా అది పాస్టరు పుస్తకంలో సిరా ఒలకబోసింది" అన్నాడు.

పోలింగ్ రోజున నీ కార్యాలయానికి పద్నాలుగుసార్లు ఫోన్ చేశాను. పద్నాలుగుసార్లూ బిజీ. మిగిలిన ముగ్గురికీ అన్నేసిసార్లే చేశాను, ఎక్కువ తక్కువ లేకుండా.

ఇక ఆ క్షమాపణ సంగతి. నీ గీత మూలంగా నా బల్ల పోయిందంటావు. నీకెలా తెలుసు? అంటే, నువ్వు నాకే ఓటు వేశావని నేనెలా అనుకోవాలి? వెండెల్ నీకు క్లారినెట్ నేర్పాడు. ఎన్నికలు జరిపించేదాన్ని ఒకవైపు మొగ్గకూడదని నువ్వే రాశావు, ఆ గడి ఖాళీగా వదిలేశావేమో కూడా. ఆ కవరును ఎవరూ విప్పలేదు, విప్పరు. ఇరవై రెండు నెలలు అది సీలు పెట్టెలో ఉంటుంది. ఆ తర్వాత వెండెల్ దాన్ని విప్పకుండానే కాల్చేస్తాడు. ఆ ఓటు ఎవరికో, నన్ను గెలిపించేదో ఓడించేదో, దేవుడికీ నీకూ తప్ప తెలిసే దారి లేదు. తెలియకపోవడమే కదా మనం ఇన్నేళ్ళు కాపాడిన విషయం. కాబట్టి చెప్పకు. క్షమాపణ కూడా అక్కర్లేదు, దేనికో ఎవరికీ తెలియదు కనుక.

వెండెల్ రోజూ వస్తున్నాడు. ఓటర్ల కార్డులను అక్షరక్రమంలో పెట్టమంటే ఈల వేస్తూ పెడతాడు. ఈల ఆగితే ఎక్కడో తప్పు చేసినట్టు. మంచి క్లర్కు అవుతాడు. చనిపోయినవాళ్ళ పేర్లు తీసేటప్పుడు పెన్సిలు అడిగాడు, నేను చెప్పకుండానే.

దరఖాస్తు నింపాను. నల్ల సిరాతో. ఎంపిక సంఘం వాళ్ళు పిలిస్తే వస్తాను, ఓర్విల్‌కు వంట నేర్పాక. రెండు గుడ్లు ఉడకబెట్టడం దాకా వచ్చాడు.

నీ వదిన
లావోన్ టోలెఫ్‌సన్

*

శాసనభవనం, రాజధాని
జనవరి 3, 1983

ప్రియమైన వదినకు,

ఇవాళ పదవీ ప్రమాణం చేశాను. చెయ్యి ఎత్తి మాటలన్నీ పలికాక, అలవాటుగా వెనక్కి తిరిగి నడవబోయాను. ప్రధాన న్యాయమూర్తి దగ్గి, ప్రమాణ పుస్తకాన్ని నా వైపు జరిపి, "సంతకం, మేడమ్" అన్నాడు. గ్యాలరీలో కూర్చున్న నువ్వు నవ్విన నవ్వు గవర్నరుకు కూడా వినిపించింది. ఎవరామె అని ఆయన అడిగితే, "మా కొత్త శిక్షకురాలు, ఇవాళ ఉదయమే చేరింది, ఎంపిక సంఘంలో ముగ్గురికి ముగ్గురూ ఆమెకే ఓటు వేశారట" అన్నాను. రహస్య ఓటు కాదు, కాబట్టి చెప్పొచ్చు.

నువ్వు పక్క గదిలోనే ఉన్నావు. అయినా ఈ ఉత్తరం టపాలోనే వేస్తున్నాను. నార్‌బీ వెళ్ళేసరికి నీ కోసం అక్కడ ఉండాలి. కొత్త కవరు అచ్చు నమూనా ఇందులో ఉంది. గీత ముందువైపు, చిరునామాకు దూరంగా, ఎర్రగా, నీ బొటనవేలంత లావు. బుధవారం చర్చి ఆడవాళ్ళకు ఇచ్చి చూడు. పదకొండుమందీ సంతకం చేస్తేనే అచ్చుకు పంపుతాను. కాఫీ ఎక్కువే పొయ్యి.

ఆ పాత కవరులో ఏముందో నీకు ఎప్పటికీ చెప్పను. క్లారినెట్ ఇప్పటికీ వాయించగలను. అంతవరకే చెబుతాను.

నా కార్డుకు చట్రం కట్టించి గోడకు పెట్టాను. నీ హాజరు పట్టీ మాట పక్కనే. బడిపిల్లలు అడిగితే కథ మొత్తం చెబుతాను.

అంటించకముందే, చూడు:

నీ మరదలు
ఆర్డిస్ మేరీ టోలెఫ్‌సన్

(కవరు వెనక కూడా ఒకటి పెట్టాను. ఎందుకైనా మంచిది.)